క్రీడానిధిలోంచి ఒక మేకపోతు

ఎముక విరిగే చప్పుడు పెద్దదేమీ కాదు. ఎండిన కందికంపను మోకాలికి ఆనించి విరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మొదటిసారి కాలేజీలో కబడ్డీ ఆడుతూ నా భుజం దగ్గరే విన్నాను. రెండోసారి ఘాట్ రోడ్డు మీద, మా జట్టు కెప్టెన్ మణికట్టు దగ్గర విన్నాను. అప్పటికి నా కూతురు ఇంకా పాకుతోంది. ఆ రోజు దాన్ని గుడ్డతో వీపుకి కట్టుకుని ఉన్నాను. ఇప్పుడది ఇల్లంతా పరుగెడుతోంది. మంచం కోడుకి తల కొట్టుకున్నప్పుడల్లా, ఆ చప్పుడు వినపడిందా లేదా అని ఒక్క క్షణం ఆగిపోతాను. తర్వాతే ఎత్తుకుంటాను. అది నిద్రపోయింది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

మా యూనివర్సిటీ చిన్నది. కాఫీ తోటల మధ్య నాలుగు భవనాలు, ఒక వాలు మైదానం. అక్కడ బంతి వదిలితే లైబ్రరీ వెనక్కి దొర్లిపోతుంది. క్రీడా విభాగం అని బోర్డు ఉన్న గదిలో మూడు కుర్చీలు. ఫిజికల్ డైరెక్టర్ కుర్చీలోకి ఎవరినీ నియమించలేదు. వృక్షశాస్త్రం చెప్పే మాస్టారు ఇన్‌చార్జిగా సంతకాలు పెట్టేవారు. మైదానంలో సున్నం గీతలు గీయాల్సిన మార్కరు గెస్ట్‌హౌస్‌లో వంట చేసేవాడు. చేపల పులుసు బాగా వండడం అతని ఖర్మ. మూడో కుర్చీ నాది. కాంట్రాక్టు మీద కబడ్డీ కోచ్‌ని. వేసవి సెలవులకు ముందు తీసేసి, తరగతులు మొదలయ్యాక మళ్లీ వేసుకునేవాళ్లు. మా ఆయన కొయ్యూరులో టీచరు, శనివారం వచ్చి సోమవారం తెల్లారేసరికి వెళ్లిపోయేవాడు. పిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియక మైదానానికే తీసుకెళ్లేదాన్ని.

అడ్మిషన్ అప్పుడు ప్రతి విద్యార్థీ ఆటల ఫీజు కడతాడు. అది క్రీడానిధిలో పడుతుంది. పడ్డాక మాకు కనబడదు. గెస్ట్ లెక్చరర్ల జీతాలు ఆగిపోతే అందులోంచే ఇస్తారు, జనరేటర్‌కి డీజిలూ అందులోంచే. ఫైనాన్స్ ఆఫీసరు గారి కారుకి కొత్త టైర్లు కూడా అందులోంచే వచ్చాయని ఇన్‌చార్జి మాస్టారు ఒకసారి నోరు జారి, "నేను చెప్పలేదమ్మా" అన్నారు. ఆ మాట సాయంత్రానికల్లా పిల్లలందరికీ తెలిసిపోయింది.

మాకు మ్యాట్ లేదు. గులకరాళ్ల నేల మీదే సాధన. రోజూ ఎవరిదో మోకాలు చీరుకుపోయేది. నా పిల్లకు పాలసీసా, వీళ్లకు టించరు సీసా, రెండూ ఒకే సంచిలో ఉండేవి. కెప్టెన్ ఆట చూస్తే నాకే భయం వేసేది. గీత దాటి వెళ్లిందంటే ఎదుటివాళ్ల మీద పడి తొక్కేసి వచ్చేది. ఎందుకంత కోపమని అడిగితే ఒకసారి చెప్పింది. వాళ్ల అమ్మ దగ్గర కాఫీ గింజలు కొన్న వ్యాపారి తూకంలో మోసం చేసి, అడిగితే చెంప మీద కొట్టాడు. తల్లి స్టేషన్‌కి వెళితే పొద్దుగూకేదాకా బయటే కూర్చోబెట్టి పంపేశారు.

"లోపల కుర్సీలో నాను కూసుంతాను మేడమ్. మా అమ్మనాటోళ్లు ఒత్తే ముందు మంచినీళ్లిత్తాను. తరవాత ఆ యాపారిని పిలిపిత్తాను" అంది.

దానికి ఆమెకు కనబడిన దారి ఒక్కటే. యూనివర్సిటీల మధ్య జరిగే పోటీల్లో ఆడిన సర్టిఫికెట్ ఉంటే కానిస్టేబుల్ ఉద్యోగానికి క్రీడల కోటాలో నిలబడొచ్చు. ఆమెది డిగ్రీ ఆఖరి సంవత్సరం. వాయిదాలు పడిన పోటీలు ఆ ఏడు ఎండల్లోకి వచ్చాయి. జట్టుతో వచ్చినంత మాత్రాన సర్టిఫికెట్ ఇచ్చేది లేదనీ, మ్యాట్ మీదికి దిగి ఆడినవాళ్లకే ఇస్తామనీ నిర్వాహకులు ముందే తెలియజేశారు.

ప్రయాణ ఖర్చుల ఫైలు పెట్టిన ప్రతిసారీ నిధులు లేవని తిరిగొచ్చింది. చివరికి ఫైనాన్స్ ఆఫీసరు గారు బడ్జెట్ పని మీద రాజధానికి బయలుదేరుతూ, "మీ ఆటలకు నేనే పట్టుకొస్తానమ్మా, అందాకా ఆగండి" అన్నారు. పిల్లలు నవ్వుకున్నారు.

"సారు వేటకెళ్లారు."

అవి చైత్రమాసపు రోజులు, కొండల్లో ఇటుకల పండగ. మగవాళ్లు అడవికి వేటకు వెళతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర పట్టి, వచ్చే పోయే బళ్లను ఆపి పండగ డబ్బులు అడుగుతారు. ఇచ్చాకే కర్ర లేస్తుంది. ఇంకో పద్ధతి కూడా ఉంది. వేట దొరక్కుండా ఒట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద పేడనీళ్లు కుమ్మరిస్తారు. మొగుడైనా, మావగారైనా తలవంచుకుని పోయించుకోవాల్సిందే. నేను పెరిగింది సీలేరు ప్రాజెక్టు కాలనీలో. ఈ పండగ గురించి వినడమేగానీ దగ్గర్నుంచి చూడలేదు. ఆ ఏడు మా పిల్లలు ఊరి ఆడవాళ్లతో కలిసి, యూనివర్సిటీ కింది మలుపులో కర్ర వేశారు. ప్రయాణం డబ్బులు అలాగైనా పోగవుతాయని వాళ్ల ఆశ. నేను తోడుగా వెళ్లాను. పర్యాటకుల కార్లు ఆగాయి, ఇచ్చాయి, ఫోటోలు తీసుకుని పోయాయి.

మూడో రోజు సాయంత్రం ఆఫీసరు గారి కారు వచ్చింది.

డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తీయలేదు. "కర్ర తియ్యండే! ఎవరి బండో తెలీదా?"

"తెలకేటి? మా టైర్ల బండే కదా" అంది కెప్టెన్. కర్ర పట్టుకున్న వాళ్లంతా ఒకటే నవ్వు.

ఆఫీసరు గారు అద్దం దించారు. "ఏమ్మా, చదువుకున్న పిల్లలు, ఇదేం పని?"

"సారూ, ఏటకెళ్లారు గదా. మాకేటి తెచ్చారు?"

ఆయన వేలిముద్దర వేసినంత సులువుగా అనేశారు. "ఈసారికి ఏమీ రాలేదమ్మా. వచ్చే బడ్జెట్‌లో చూద్దాం."

ఇంకే రోజైనా ఆ మాటకి పిల్లలు మొహాలు వేలాడేసుకుని వెళ్లిపోయేవాళ్లు. కానీ కెప్టెన్ నాయనమ్మ అక్కడే కుండ పట్టుకుని ఉంది. ఆమె కారు దగ్గరికి వచ్చి, వంగి, ఆయన చేతుల వంక చూసింది.

"ఒట్టి సేతులా బాబూ?"

కుండెడు పేడనీళ్లు కిటికీలోంచి లోపలికి వెళ్లాయి. ఆయన కళ్లజోడు మీంచి, చొక్కా మీంచి, ఒళ్లో ఉన్న ఫైళ్ల మీంచి పచ్చగా కారాయి. ఆడవాళ్లు గొల్లున నవ్వారు. డ్రైవరు కిందికి దూకాడు. అతను మైదాన ప్రాంతం మనిషి, పండగ సంగతి తెలియదు. అతని కంటికి కనబడింది యజమానిని అవమానించిన ముసలమ్మ ఒక్కతే. డిక్కీ తెరిచి జాకీ రాడ్డు తీశాడు. అందరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. రాడ్డు ముసలమ్మ తల మీదికి లేచింది. మధ్యలోకి కెప్టెన్ చెయ్యి వెళ్లింది.

అప్పుడే ఆ చప్పుడు విన్నాను.

ఆ తర్వాత జరిగిందంతా నేను నేర్పిందే. ఒకమ్మాయి అతని చీలమండ పట్టింది. ఇంకొకతె తొడలు చుట్టేసింది. ఇద్దరు చేతులు గొలుసు కట్టి రొమ్ము మీద పడ్డారు. అతను తారు మీద మొహం పెట్టి పడ్డాడు. రాడ్డు లోయలోకి వెళ్లిపోయింది. ఊరి ఆడవాళ్లు చీపుళ్లతో, చెప్పులతో, కుండపెంకులతో మీద పడ్డారు. ఒకామె జుట్టు పట్టుకుని అతని తలను రోడ్డుకేసి కొడుతోంది. నెత్తురు, పేడనీళ్లు కలిసి నా కాళ్ల దాకా పారాయి. అరిచాను. ఎవరికీ వినబడలేదు. మెడలో విజిల్ కోసం తడుముకుంటే తాడు వెనక్కి లాగేసి ఉంది. పళ్లొచ్చే వయసు కదా, నా కూతురు వీపు మీద దాన్ని నోట్లో పెట్టుకుని నములుతోంది. దాని నోట్లోంచి పీకి, చొంగ కారుతున్న విజిల్ ఊదాను.

మా పిల్లలు ఎక్కడివాళ్లక్కడ వదిలేసి లేచి నిలబడ్డారు. విజిల్ వినగానే వదిలేయడం రోజూ చేసే పనే. వాళ్లను చూసి ఊరి ఆడవాళ్లూ వెనక్కి తగ్గారు. డ్రైవరు మోకాళ్ల మీద లేచి రెండు పళ్లు చేతిలోకి ఉమ్ముకుని, ఏదో తన సొమ్ము పడిపోయినట్టు చూసుకున్నాడు. నా కూతురు మాత్రం విజిల్ లాక్కున్నందుకు కొండ దద్దరిల్లేలా ఏడుస్తోంది.

కెప్టెన్ మణికట్టుకి పిండికట్టు వేశారు. ఆఫీసరు గారు పోలీసు కేసు పెడతానన్నారు. కేసులో పేరుంటే పోలీసు ఉద్యోగం మాట అటుంచి, ఆమెను జట్టుతో తీసుకెళ్లడానికే వీల్లేదు. ఆ రాత్రంతా నేను పిల్ల ఊపిరి వింటూ పడుకున్నాను.

తెల్లారేసరికి ఊరి పెద్దలు యూనివర్సిటీ గేటుకే వెదురు కర్ర కట్టేశారు. పండగ కర్ర పట్టిన ఆడదాన్ని కొట్టినవాడు తప్పు కట్టాలి, అంటే జరిమానాగా మేకపోతును ఇవ్వాలి. ఇచ్చేదాకా బండి కదలదు. కేసు ఆలోచన ఉంటే అదీ మానుకోవాలి. మార్కరుది కూడా ఆ ఊరే. అతనూ వెళ్లి కర్ర పక్కన కూర్చున్నాడు. దాంతో గెస్ట్‌హౌస్‌లో పొయ్యి వెలగలేదు. ఆఫీసరు గారు మధ్యాహ్నం దాకా ఆకలికి ఓర్చుకున్నారు. తర్వాత ఒప్పుకున్నారు.

"సరే, మేకపోతు. ఏ పద్దులోంచి ఇవ్వాలయ్యా?" అన్నారు.

ఇన్‌చార్జి మాస్టారు గొంతు సవరించుకున్నారు. "కొట్టుకున్నది క్రీడాకారిణులు కదండీ. క్రీడానిధి..."

నేను పనిచేసిన కాలంలో క్రీడానిధి నుంచి మంజూరైన మొదటి బిల్లు అదే. క్రీడా సామగ్రి కింద మేకపోతు. కర్ర దగ్గరే దాన్ని నరికారు. తల ఒక్క వేటుకే తెగింది గానీ కాళ్లు చాలాసేపు తన్నుకున్నాయి. నేను పిల్ల కళ్లకి చెయ్యి అడ్డం పెట్టాను. డ్రైవరూ తిన్నాడు, పళ్లు మిగిలిన వైపు నమిలి. ముసలమ్మే అతనికి మెత్తటి ముక్కలు ఏరి వేసింది.

కర్ర మీద పోగైనదంతా ఊరి ఆడవాళ్లు మాకే ఇచ్చేశారు.

"ఆడొచ్చీండి గుంటల్లారా. ఒట్టి సేతులతోటి ఒచ్చారంటే మాత్రం మీకూ పేడనీళ్లే" అంది ముసలమ్మ. నా వైపు తిరిగి, "నీక్కూడానమ్మా" అంది.

మూడు వారాలకి, ఎనిమిది మందితో పోటీలకు వెళ్లాం. ఆడపిల్లల జట్టు వెంట ఆడ ఉద్యోగి ఉండాలి. ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి చంటిదీ మాతోపాటే. మొదటి మ్యాచ్ ఒక పెద్ద యూనివర్సిటీతో పడింది. వాళ్లకు బూట్లు, మోకాలి తొడుగులు, నడుం పట్టేస్తే నొక్కడానికి ఒక మనిషి. మావాళ్లు వట్టి కాళ్లతో మొదటిసారి మ్యాట్ ఎక్కారు. పడి జారినప్పుడల్లా రబ్బరు చర్మాన్ని కాల్చేసింది. ఒకమ్మాయి కనుబొమ చిట్లింది. ఇంకొకతెను నలుగురు ఎత్తి బయటికి విసిరేస్తే పెదవి రెండుగా తెగింది. నెత్తురు ఉమ్మి మళ్లీ లోపలికెళ్లింది. కెప్టెన్ బెంచీ మీద కూర్చుంది. పిండికట్టుతో దిగనివ్వనని రిఫరీ ముందే చెప్పాడు.

మ్యాచ్ ఇంకాసేపట్లో అయిపోతుందనగా పక్కకి చూస్తే బెంచీ ఖాళీ. ఆమె కుళాయి దగ్గర్నుంచి నడిచొస్తోంది. బకెట్ నీళ్లలో నానబెట్టి, నా మందుల సంచిలోని కత్తెరతో కట్టు కోసేసింది. లోపలి చెయ్యి పాలిపోయి, పొలుసు లేచి, వేరే ఎవరిదో చెయ్యిలా ఉంది.

"ఒక్క రైడు మేడమ్. బేగి పంపండి, అయిపోతంది."

"ఇంకా అతకలేదే."

"అతికాక ఏటి సేసుకోను?"

నా కూతురు ఒళ్లో ఉంది. రేపు ఇదే ఇలా వచ్చి నిలబడితే నేను పంపుతానా అని నన్ను నేనే అడిగాను. కెప్టెన్ వాళ్లమ్మ స్టేషన్ బయట కూర్చున్న సంగతి గుర్తొచ్చింది. లేచి, మనిషిని మార్చమని సైగ చేశాను.

చేతిని కడుపుకి అదుముకుని గీత దాటింది. "కబడ్డీ కబడ్డీ" అన్న గొంతు స్థిరంగా ఉంది. ఎదుటివాళ్లు ఆటగత్తెలు, ఆ చెయ్యి సంగతి వెంటనే పసిగట్టారు. చివర ఉన్న పొడుగమ్మాయి సరిగ్గా అక్కడే పట్టుకుని మెలిపెట్టింది. మిగతావాళ్లు మీద పడ్డారు. ఆమె కనబడలేదు. ఆ గుట్ట కిందినుంచి కూత మాత్రం ఆగలేదు. కేకగా మారాల్సిన చోట కూడా అది కేక కాలేదు, కబడ్డీ కబడ్డీ అంటూ సన్నబడి, గరుకుబడి, విజిల్ పడేదాకా వచ్చింది. ఆమె అవుట్. మేం చిత్తుగా ఓడిపోయాం. స్కోరు షీటులో ఆమె పేరు ఎక్కింది.

ఆ ఊరి ఆసుపత్రిలో డాక్టరు మళ్లీ కట్టు వేస్తూ, "అతుకుతుంది. ఈసారి విప్పావంటే నా దగ్గరికి రాకు" అని తిట్టాడు. ఆమె తలూపింది. రెండో చేతిలో సర్టిఫికెట్ ఉంది.

బస్సు కొండెక్కి మా మలుపు దగ్గర ఆగింది. పండగ ఎప్పుడో అయిపోయింది, అయినా ఊరి ఆడవాళ్లు కుండలతో నిలబడి ఉన్నారు. ముసలమ్మ మనవరాలి కట్టు చూసింది, తర్వాత మొహం చూసింది.

"గెలిసారా?"

"నేదు మామ్మా."

"మరేటి తెచ్చారు?"

కెప్టెన్ సర్టిఫికెట్ చూపించింది. ముసలమ్మ దాన్ని వెలుగుకి పెట్టి అటూ ఇటూ తిప్పింది. "ఇది వండుకుంతారా?" అంది. అందరూ పకపకా నవ్వారు. ఆమె కుండ ఎత్తింది.

కెప్టెన్ ఒక్క ఉదుటున కాగితం లాక్కుని నా చేతిలో పెట్టింది. నేను దాన్ని నా వీపుకీ పిల్ల పొట్టకీ మధ్య గుడ్డలోకి తోశాను. పిల్ల తడవకుండా వాళ్లకి ఎదురుగా తిరిగి, కళ్లు మూసుకుని నిలబడ్డాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఇంటికెళ్లి గుడ్డ విప్పితే కాగితం ఒక మూల పిల్ల ఉచ్చతో తడిసింది. మిగతాదంతా పొడిగానే ఉంది.