గొడ్డలి మా మంచం కిందే ఉంది

ఇది ఈ పొద్దున జరిగింది. మా చెల్లెలి కొడుకు యేసోబు గొడ్డలి పట్టుకుని మా వాకిలి ముందు నుంచి పోతుంటే అడ్డం నిలబడ్డాను. అర్ధవీడు నుంచి వచ్చిన కాపరి మేకలు వాడి సజ్జచేనులో పడి మేశాయట.

"తప్పుకో పెద్దమ్మా! ఇయాల వాణ్ని నరికేస్తా!"

"మునసబుకు చెప్పి మేకల్ని బందెలదొడ్డికి తోలుకోరా నాయనా. ఆ గొడ్డలి కామ చూడు, ఆ కట్టె ఎట్ల ఊగుతుండాదో! ఊడి నీ కాలిమీదనే పడితే ఏంది గతి? కుంటోడివైతే చేను ఎవరు దున్నేది? కండ్లు ఎర్రగుండాయి, జొరమేమన్నా వచ్చినాదా? సంగటి తిన్నావా?"

"నీ నస కంటే ఆ మేకలే నయం!" అంటూ గొడ్డలి మా అరుగు మీద పడేసి, ఉత్త చేతులతో మేకలను తోలడానికి పోయాడు.

కామ నిజంగానే వదులుగా ఉంది. వడ్రంగికి ఇచ్చి బిగించి పెట్టిస్తానని పోతున్న వాడికి చెప్పాను గానీ, ఇవ్వలేదు. రేపు వచ్చి అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదు. మీ ఇళ్లలో ఇలాంటి కోపిష్టి ఉంటే ఏం చెప్పి ఆపుతారమ్మా? నాకు ఓపిక అయిపోయింది.

కామ మాత్రం ఇంకొన్నాళ్లు ఊగనీ.