మగ్గం గుంటలో తాబేలు

పక్కింటి పిన్నిగారు మా నూతిలో నీళ్ళు తోడుకుంటుంటే చేదలో గుడ్డు వచ్చింది. ఆవిడ పెట్టిన కేకకి పెడనలో మా వీధి మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"పాము గుడ్డమ్మో! నూతిలో పాము గుడ్లు పెట్టింది! ఈ నీళ్ళే పొద్దున్న కాఫీలో పోశాను!"

నేను వెళ్ళి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఉసిరికాయ కన్నా కాస్త పెద్దది. గుండ్రంగా, తెల్లగా, సున్నం పెంకుతో గట్టిగా ఉంది. పాము గుడ్డు పెంకు తోలులా మెత్తగా ఉంటుందని నేను చదివి ఉన్నాను. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. వీధి చివర గ్రంథాలయం ఉన్నా, ఆడవాళ్ళు వెళ్ళి అక్కడ కూర్చునే వాడుక అప్పట్లో లేదు. మా ఆయన సాయంత్రాలు వెళ్ళి చేతికి ఏది దొరికితే అది తెచ్చేవారు. ఒకసారి నక్షత్రాల మీద, ఒకసారి ఎరువుల మీద, ఒకసారి జంతువుల మీద. రాట్నం పక్కన పీట వేసి, దాని మీద పుస్తకం తెరిచిపెట్టుకుని, కండెలు చుడుతూ చదివేదాన్ని. జంతువుల పుస్తకం రెండుసార్లు చదివాను. అందుకే గొంతు పెంచి చెప్పగలిగాను.

"పాముది కాదు పిన్నిగారూ. తాబేలుది."

ఎదురింటి బాబాయిగారు మా ఆయన్ని చూసి పగలబడి నవ్వారు. "ఒరే అబ్బాయ్, నీ బావమరిది గుడ్డు పెట్టాడురా!"

నూతిలో ఉన్న ఆ తాబేలు మా పుట్టింటిది. మాది హంసలదీవి దగ్గర. నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఈ నూతి నీళ్ళలో పురుగు పడుతోందని విని, మా నాన్న పంటబోదెలో దొరికిన తాబేలుపిల్లని తడిపిన గోనెసంచిలో పెట్టి, పడవలో కృష్ణ దాటించి, బస్సెక్కించి తెచ్చారు. నూతిలో తాబేలుంటే నీళ్ళు శుభ్రంగా ఉంటాయని మా వైపు నమ్మకం. అరచేతిలో పట్టేంత ఉండేది. పుట్టింటి నుంచి నాతో వచ్చిన మగదిక్కు అదేనని మా ఆయన దానికి బావమరిది వరస కట్టారు. ఇక వీధంతా అదే పిలుపు. సాయంత్రం నేను గట్టు మీద నిలబడి అన్నం మెతుకులు విదిలిస్తే ముక్కు పైకెత్తి వచ్చేది. పుట్టింటి మీద బెంగ పడ్డ రోజుల్లో ఆ ముక్కు కోసమే నూతి దగ్గరికి వెళ్ళిన సందర్భాలున్నాయి.

కొన్నాళ్ళుగా అది మెతుకులు ముట్టడం లేదు. నూతి లోపలి ఇటికల్ని గోళ్ళతో గీకుతున్న చప్పుడు వినపడేది. ఎండకి అనుకున్నాం. గుడ్డు చూశాక నాకు అర్థమైంది. తాబేలు ఎంత నీళ్ళలో బతికినా గుడ్డు మట్టిలోనే పెట్టాలి. చోటు దొరక్కపోతే గుడ్లు లోపలే బిగుసుకుపోయి తల్లి చచ్చిపోతుందని పుస్తకంలో ఉంది. దానికి ఇదే మొదటిసారి. ఇటికల మధ్య మట్టి ఎక్కడ వెతుక్కుంటుంది?

మా ఆయన నూతిలోకి దిగి, గంపలో దాన్ని పైకి పంపించారు. "ముందే చెప్పుంటే మరదలని మర్యాదగా చూసుకునేవాణ్ణి కదే," అన్నారు పైకొచ్చాక, తడి తల తుడుచుకుంటూ. నాకు నవ్వు రాలేదు. దాని వెనక కాళ్ళ గోళ్ళు అరిగిపోయి, ఒకదాని దగ్గర నెత్తురు కనిపిస్తోంది.

ఆ ఏడు తొలకరి ఆలస్యమైంది. దొడ్లో నల్లమట్టి బీటలు తీసి ఉంది. తాబేలు అక్కడొకసారి ఇక్కడొకసారి వెనక కాళ్ళతో గీకి, గోరంత గుంట కూడా పడక ముందుకు జరిగిపోయేది. నేను పుస్తకం తీసి బొమ్మ చూపించాను. ఒడ్డు మీద ఇసక, ఇసకలో గుంట, గుంట మీద తాబేలు. చిన్నప్పుడు మా ఊరి సముద్రం ఒడ్డున అలాంటి జాడలు నేనూ చూశాను. మర్నాడు నూలు కోసం బందరు వెళ్ళిన మా ఆయన, సైకిలు వెనక బస్తా ఇసక కట్టుకొచ్చారు.

మా మావయ్యగారు మగ్గం మీంచి తల ఎత్తి చూశారు. "నూలేదిరా?"

"రేపు తెస్తాను నాన్నా."

"ఇసకతో చీర నేస్తాననుకున్నావేమిట్రా నేను?"

గోడ వార ఇసక పోశాం. తాబేలు ఎక్కింది, గీకింది, తీసిన గుంట తీసినట్టే కూలిపోయింది. నీళ్ళు చల్లాను. మళ్ళీ కూలింది. నేనే చేత్తో గుంట తవ్వి, దాన్ని ఎత్తి మీద పెట్టాను. దిగిపోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ దిగిపోయింది. పుస్తకంలోది సముద్రం తాబేలనీ, మాది బోదెల తాబేలనీ అప్పుడు తట్టింది. బోదెల తాబేలు ఎలాంటి చోటు కోరుకుంటుందో అందులో ఒక్క ముక్క లేదు. వెనక పేజీల్లో ఉందేమోనని మళ్ళీ తిప్పాను. వెనక పేజీల్లో తిమింగలం ఉంది.

మా అత్తయ్యగారు గిన్నెలో ఆముదం వెచ్చబెట్టి తెచ్చారు.

"ఏ జీవికైనా కాన్పు కాన్పేనే. పట్టుకో, కాస్త రాస్తాను."

నేను పట్టుకున్నాను. ఆవిడ తోక దగ్గర ఆముదం రాస్తూ, "అమ్మా, కాస్త ఓర్చుకో తల్లీ," అన్నారు. అది కాళ్ళూ తలా మొత్తం లోపలికి లాక్కుంది. నా చేతిలో రాయిలా ఉంది. లోపల గుడ్లున్నాయి, అవి రావాలి, నాకు తెలిసిందంతా చేసేశాను. ఇంక చేతిలో పట్టుకుని కూర్చోవడం తప్ప ఏమీ మిగల్లేదు.

భోజనాల వేళకి దాన్ని గంప కింద మూసి లోపలికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి గంప పక్కకి ఒరిగి ఉంది, తాబేలు లేదు. దొడ్డంతా వెతికాం. నూతిలో పడిందేమోనని తొంగి చూశాం. అప్పుడు ఇంట్లోంచి మావయ్యగారి గొంతు వినపడింది. పెద్దగా కాదు. పసిపిల్లలు నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు.

"అమ్మాయ్. ఇలా రా. గట్టిగా నడవకు."

మాది గుంట మగ్గం. నేసేవాళ్ళు నేల మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, అడుగున తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేస్తారు. ఎండాకాలంలో నూలు పోగు పుటుక్కున తెగకుండా మావయ్యగారు రోజూ ఆ గుంటలో చెంబెడు నీళ్ళు చల్లేవారు. ఇల్లంతటికీ తడిమట్టి ఉన్న చోటు అదొక్కటే. తాబేలు వెతుక్కుంటూ వెళ్ళి అందులో పడింది. తొక్కుడు చెక్కల వెనక మూలలో, చీకట్లో, మట్టి గీకుతున్న చప్పుడు. మావయ్యగారు ఒక కాలు గుంట మీద గాల్లో ఆపి ఉంచారు.

"పైకి తియ్యనా మావయ్యగారూ?"

"నీ పుస్తకం ఏమంటోంది?"

"కదిలించకూడదంది."

ఆయన కాలు వెనక్కి తీసుకుని, మగ్గం పక్కన బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. పడుగు మీద సగం చీర ఉంది. పోగుని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె ఎక్కడిదక్కడే ఉంది. మేం నలుగురం గుంట చుట్టూ కూర్చుని, ఏమీ చూడలేక, ఆ గీకుడు వింటున్నాం. మధ్యలో ఆగేది. ఆగినప్పుడల్లా అత్తయ్యగారు నా మోచెయ్యి పట్టుకునేవారు. దీపం తెద్దామంటే బెదురుతుందని భయం. చెయ్యి పెడదామంటే ఎక్కడ పెట్టాలో తెలియదు.

మా వీధిలో పనిరోజున మగ్గం చప్పుడు ఆగిందంటే ఇంట్లో ఎవరికో బాగాలేదని అర్థం. పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి గుసగుసగా అడిగారు. "ఎవరికమ్మా? పెద్దాయనకేనా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అన్నారు మావయ్యగారు. "మా ఇంట్లో పురుడు. గోల చెయ్యకుండా కూర్చోండి."

ఆవిడ కూడా కూర్చుంది.

పొద్దు వాలాక గీకే చప్పుడు మారింది. మట్టిని లాగి గుడ్ల మీద కప్పి, పొట్టతో తట్టి అదుముతున్న చప్పుడు. తరవాత అది తనంతట తానే చెక్కల మధ్య నుంచి బయటికి మెడ చాచింది. మా ఆయన దాన్ని ఎత్తి నూతిలో దించారు. ఆ సాయంత్రం మెతుకులు వేస్తే ముక్కు పైకొచ్చింది. నేను గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను.

మర్నాటి నుంచి మావయ్యగారు కుడికాలు ఆ మూలకి తగలకుండా ముందుకు పెట్టుకుని నేశారు. నడుము నొప్పి అనేవారు కానీ గుడ్ల చోటు మార్చమని అనలేదు. పిల్లలు రావడానికి నెలలు పడుతుందని చెప్పాను. "రానీ," అన్నారు.

పిల్లల కన్నా ముందు వానలొచ్చాయి. ఏటా వానాకాలం మా గుంటల్లో నీళ్ళు ఊరతాయి. మగ్గాలు ఆపి కూర్చోవడం వీధికి అలవాటే. ఆ సంగతి నాకూ తెలుసు. తాబేలు బతికిందన్న సంబరంలో ఒక్కరికీ గుర్తు రాలేదు. మావయ్యగారు ముంతతో నీళ్ళు తోడి పోసేవారు, మా ఆయన అందుకునేవారు. తోడినంతా మళ్ళీ ఊరేది. గ్రంథాలయంలో ఉన్న ప్రతి పుస్తకం తెమ్మన్నాను. కోడిగుడ్లని రోజూ తిప్పాలని ఒకదాంట్లో ఉంది. తాబేలు గుడ్డు తిప్పొచ్చో కూడదో ఎందులోనూ లేదు.

నీళ్ళు ఆ మూలకి చేరిన పూట నేనే గుంటలో దిగి, వేళ్ళతో బురద తీసి, పైకి ఉన్న వైపు కాటుకతో చుక్క పెట్టి, ఒక్కో గుడ్డూ అత్తయ్యగారి చేతికి అందించాను. చుక్క పైకే ఉండేట్టు బందరు ఇసక పోసిన కుండలో పూడ్చి, వంటింట్లో వెచ్చటి మూల పెట్టాం. చలికాలం వెళ్ళింది. కుండలోంచి ఏదీ కదల్లేదు. తరవాత వాసన వేసింది.

అంతకుముందే, వానలు తగ్గి గుంట ఆరాక, మావయ్యగారు మళ్ళీ మగ్గం ఎక్కారు. ఆ మూల ఖాళీ అని అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. అయినా కండెలు అందించడానికి వెళ్ళినప్పుడు చూసేదాన్ని. కుడికాలు ముందుకే పెట్టుకుని నేసేవారు.