పడి చూసే మామయ్య

మా మామయ్య ఏ వస్తువునైనా ముందు తన ఒంటిమీద ప్రయోగించి చూసుకోనిదే ఇంట్లో ఎవరినీ వాడనివ్వడు. కొత్త గొడుగు కొంటే షవర్ కింద పది నిమిషాలు నిలబడతాడు. కొత్త కుర్చీ వస్తే దానిమీద ఒంటికాలిపై నిలబడి, "విరగాలనుకుంటే ఇప్పుడే విరుగు" అని దానికో అవకాశం ఇస్తాడు. ఒకసారి స్కూటర్‌కి బ్రేకులు మార్పించి, పనిచేస్తున్నాయో లేదో చూద్దామని నేరుగా ప్రహరీ గోడ మీదకి నడిపాడు. బ్రేకులు బాగానే పడ్డాయి, గోడ తగిలాక. అందుకే బంధువులందరికీ ఆయన ట్రయల్ మామయ్య.

అలాంటి మనిషికి మా పాత ఇంటి స్నానాలగది బాగుచేయించే పని అప్పగించామంటే కారణం మా పాప బుజ్జి. దానికి మూడేళ్లు. రెండు నెలల క్రితం ఆ నున్నటి గచ్చుమీద జారిపడింది. నేను తువ్వాలు అందుకోవడానికి తిరిగింది అర సెకను, అంతే. దెబ్బ చిన్నదే. కానీ ఆ రోజు నుంచి ఆ గుమ్మం చూస్తే చాలు, వీధి చివరిదాకా వినిపించే ఏడుపు. స్నానం వంటింట్లో టబ్బులోనే. గది కొత్తదైతే భయం పోతుందని నా ఆశ. పోకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

నేను ఫిజిక్స్ చదువుకున్నదాన్ని. మామయ్య దుకాణం నుంచి టైల్స్ మచ్చుకి తేగానే ఒక్కోదాన్ని తడిపి, వాల్చి, ఏ కోణం దగ్గర సబ్బుబిళ్ళ జారుతోందో పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను.

"ఏంటమ్మాయ్ ఇది?"

"ఘర్షణ లెక్క మామయ్యా."

"సబ్బుబిళ్ళ జారితే దానికేం, ఏడుస్తుందా? మనిషి పడి చూడాలి."

అన్నంత పనీ చేశాడు. ముందొక దిండు, వెనకొక దిండు తాడుతో కట్టుకున్నాడు. తలకి హెల్మెట్ పెట్టుకున్నాడు. స్నానాలగదిలో టైల్ పరిచి, సబ్బునీళ్ళు పోసి, దానిమీద కాలు పెట్టాడు. ధబ్!

"ఇది పనికిరాదు," అని లేవకుండానే తీర్పు చెప్పాడు.

మా ఆయన నా చెవిలో, "మీ మామయ్యకి ఇన్సూరెన్స్ ఉందా?" అన్నాడు.

హాల్లో కర్టెన్ వెనక నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. "తాత పడిపోయాడు!"

మర్నాడు ఇంకో టైల్. అలా రోజూ బుజ్జి పాలు తాగడం అవగానే మామయ్య పడేవాడు. ఒకరోజు బకెట్‌ని కౌగిలించుకుని పడ్డాడు. ఒకరోజు బొంగరంలా మూడు చుట్లు తిరిగి, అందరూ చూస్తున్నారని రూఢి చేసుకుని మరీ పడ్డాడు. మధ్యలో గోడల పని కూడా సాగింది. పెచ్చులూడిన పాత రంగు గీకిస్తుంటే, దుమ్ము లేస్తుందేమోనని నేను గోడల్ని తడిపిస్తూనే ఉన్నాను. కొత్తగా వేసిన పసుపు రంగు ఆరిందో లేదో మామయ్య వీపు ఆనించి చూసేవాడు. నాలుగు బనియన్లు పసుపెక్కాయి.

"మామయ్యా, పది రోజులైంది. అవతల మేస్త్రి కబురుమీద కబురు పెడుతున్నాడు. ఒక్కటీ నచ్చలేదా?"

"తొందరెందుకే? ఇంకా పడాల్సినవి ఉన్నాయి."

పదకొండో రోజు ఆయన కాళ్ళు పైకి లేచేలా పడ్డాడు. బుజ్జి అప్పటికి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. కర్టెన్ వదిలి అంతదూరం ఎప్పుడు వచ్చిందో నేను గమనించనే లేదు. అది నవ్వలేదు. విసుక్కుంది.

"అబ్బా తాతా! నీకసలు నడవడమే రాదు. నన్ను చూడు!"

గుమ్మం దాటి ఆ పాత గచ్చుమీద కాలు పెట్టింది. నేను ముందుకు దూకబోయాను. కిందపడి ఉన్న మామయ్య చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"గోడ పట్టుకోవాలి. చిన్న చిన్న అడుగులు వెయ్యాలి. అర్థమైందా?" అంది బుజ్జి.

"అయింది టీచర్," అన్నాడు మామయ్య.

ఆ సాయంత్రం దుకాణానికి వెళ్ళి, "ఏదో ఒకటి మీరే ఎంచి ఇవ్వండి బాబూ" అని బతిమాలాను. దుకాణదారు వింతగా చూశాడు.

"మీ టైల్స్ మామయ్యగారు మొదటిరోజే ఎంచేశారు కదమ్మా! మంచి గరుకువి. లోపల కట్టలు కట్టి ఉన్నాయి."

"మరి రోజూ తెచ్చినవి?"

"అదే మాకూ తెలీదు. రోజూ వచ్చి 'బాగా జారేది ఉంటే ఒకటివ్వవయ్యా, పడాలి' అని పట్టుకెళ్ళేవారు."

గది తయారైంది. మొదటి స్నానానికి బుజ్జి తనే నడిచి వెళ్ళింది. కొత్త టైల్స్ మీద చెంబెడు సబ్బునీళ్ళు కుమ్మరించి, "తాతా, ట్రయల్!" అంది.

మామయ్య నడిచాడు. గెంతాడు. ఒంటికాలిమీద నిలబడ్డాడు. బొంగరంలా తిరిగాడు. ఆ గరుకు టైల్స్ ఆయన్ని అంగుళం కూడా జారనివ్వలేదు.

బుజ్జి నడుంమీద చేతులు పెట్టుకుంది. "పడటం కూడా మర్చిపోయావా?"

మామయ్య దిక్కులు చూసి, నా దగ్గరికి జరిగి గుసగుసగా అన్నాడు. "నున్నటిది ఒకటి వెనక్కివ్వలేదమ్మాయ్. నా మంచం కింద ఉంది. తీసుకురా."

టైల్ తెచ్చాను. వస్తూ వస్తూ దిండ్లు కూడా తెచ్చాను.