చెవి మేస్త్రి తెల్లనీళ్లు

ఓడ ఇంజను గదిలో పనిచేసే ఆ మనిషిని వీధిలో అందరూ చెవి మేస్త్రి అంటారు. చెవులకు వైద్యం చేస్తాడని కాదు. ఏ యంత్రం మొరాయించినా పొడుగాటి స్క్రూడ్రైవరు కొన దానికి ఆనించి, పిడిని చెవికి చేర్చి, కళ్లు మూసుకుని వింటాడు. కాసేపటికి కళ్లు తెరిచి రోగం పేరు చెబుతాడు. చాలాసార్లు అదే నిజమవుతుంది. కానప్పుడు యంత్రమే మాట మార్చిందంటాడు తప్ప తన చెవిని తప్పుపట్టడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఏడాదిలో సగానికి పైగా అతడు సముద్రం మీద ఉంటాడు. మిగతా కాలం ఇంట్లో ఉంటాడని భార్య అనుకునేది కానీ, నిజానికి వెనకగదిలో ఉంటాడు. అక్కడ అతడి మిల్లింగ్ మిషను ఉంది. బల్ల మీద ఇనుప ముక్కను బిగిస్తే, పైన గిరగిరా తిరిగే కత్తి దాన్ని కావలసిన ఆకారంలో చెక్కుతుంది. మూతపడిన ఒక కార్ఖానా నుంచి కొని, గుమ్మం పగలగొట్టి మరీ లోపలికి చేర్చాడు. అదంటే చెవి కోసుకుంటాడు. ఇన్నేళ్లలో దాని మీద ఇంటికోసం చేసిపెట్టినవి రెండే: ఒక తలుపు గడియ, గిన్నె మూతకు ఒక పిడి. ఆ పిడి బరువుకి మూత గిన్నెలో పడి ఊరుకుంటుంది.

భార్య ముందుగదిలో దర్జీ పని చేస్తుంది. కుట్టుమిషను మోటారును పట్టి ఉంచే రేకు ఎప్పుడో విరిగింది. దాన్ని నవారుతో బిగించి కట్టుకుని నెట్టుకొస్తోంది. "ఆ రేకొక్కటి చేసిపెట్టండి" అని అడిగినప్పుడల్లా, "చేస్తా, డిజైను ఆలోచిస్తున్నా" అంటాడు. మూడు సెలవులు ఆలోచనలోనే గడిచిపోయాయి.

ఇనుమును చెక్కేటప్పుడు వేడి పుడుతుంది కనుక కత్తి మీద ఎడతెగకుండా ద్రవం పొయ్యాలి. నీళ్లలో ఒక రకం నూనె కలిపితే పాలలా తెల్లగా అవుతుంది. కింది తొట్టిలోంచి పంపు దాన్ని తోడి కత్తి మీద పోస్తుంది, అది జారి మళ్లీ తొట్టిలోకి చేరుతుంది. దాని అసలు పేరు కూలెంటు. ఇంట్లో మాత్రం అవి తెల్లనీళ్లు. రోజూ పారుతున్నంత కాలం వాటంత మంచివి లేవు. నెలల తరబడి కదలకుండా నిలవుంటేనే వచ్చింది చిక్కు.

వెళ్లేముందు తొట్టి ఖాళీ చేసి పొమ్మని భార్య చెవినిల్లు కట్టుకుని పోరేది. అతడు పెడచెవిన పెట్టేవాడు. "మిషనులోంచి జారిన నూనె పైన తేలుతోంది చూడు. జాడీలో ఊరగాయ మీద నూనె తేలితే చెడుతుందా?" అనేవాడు. ఓడ యంత్రాలకు దడ పుట్టించే మనిషికి జాడీ శాస్త్రం ఎందుకు పనికొచ్చిందో తెలియదు. అసలు సంగతి దీనికి తలకిందులు. పైన నూనె పొర కట్టడంతో కింద గాలి ఆడదు. గాలి లేనిచోట పెరిగే క్రిములన్నీ అక్కడ కాపురం పెడతాయి.

పోయిన సెలవుకి అతడు దిగేసరికి వీధి మలుపులోనే కుళ్లిన గుడ్ల కంపు ఎదురొచ్చింది. ఎవరిదో మురుగుకాలువ పగిలిందనుకుంటూ వచ్చాడు. ఇంటి ముందు ఒక పెళ్లికూతురి తల్లి, చేతిలో కొత్త బట్టల మూటతో, ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకుని భార్యతో గొడవపడుతోంది. బట్టలన్నిటికీ ఆ వాసనే పట్టింది. ఆమె బయానా వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. భార్య భర్త పెట్టెను లోపలికి కూడా తీసుకోలేదు.

"రండి, మీ జాడీ తెరవండి" అంది.

ఆ సెలవంతా కడగడంతోనే సరిపోయింది. చివర ఆమె ఏడవలేదు, అరవలేదు. "ఇంకొక్కసారి. ఈసారి మీరొచ్చేసరికి కంపు కొట్టిందా, ఆ మిషను పాత ఇనుములోకి పోతుంది. నా పనీ పనే" అంది. ఆమె మెల్లగా మాట్లాడితే ఆ మాటకు తిరుగుండదని అతడికి తెలుసు.

అందుకని ఈసారి పెద్ద ఏర్పాటే చేశాడు. కొత్త తెల్లనీళ్లు కలిపాడు. చేపల తొట్టెలో బుడగలు వదిలే చిన్న పంపు తెచ్చి గాలి గొట్టం అందులో ముంచాడు. రోజుకోసారి పెద్ద పంపు తనంతట తానే తిరిగేలా టైమరు పెట్టాడు. పారబొయ్యడం మాత్రం కుదరదన్నాడు. "నువ్వు దేన్నీ ముట్టుకోకు. ఊరికే చూస్తూ ఉండు" అన్నాడు. ఆమె బుద్ధిగా తలూపింది. ఆమె అంత బుద్ధిగా తలూపినప్పుడు అనుమానం రావాలి. చెవి మేస్త్రికి చెవులే కానీ కళ్లు అంతంతమాత్రం.

ఓడ మీద సిగ్నలు దొరికినప్పుడల్లా ఫోను చేసేవాడు. భార్య ఎత్తగానే, "ఎలా ఉన్నాయి?" అనేవాడు. నువ్వెలా ఉన్నావు అని కాదు, ఎలా ఉన్నాయి అని.

"పాలలా ఉన్నాయండీ."

"బుడగలు?"

"ముత్యాల్లా వస్తున్నాయి."

"ఏదీ, పంపు చప్పుడు వినిపించు."

ఆమె అడుగుల చప్పుడు. తరువాత గుర్రుమని మోటారు చప్పుడు. ఇంజను గది హోరులో కూడా అతడు ఒక చెవి మూసుకుని శ్రద్ధగా విన్నాడు.

"బాగానే తిరుగుతోంది. కానీ బేరింగు కీచుమంటోంది. రెండు చుక్కలు నూనె వెయ్యి."

"వేస్తానండీ" అంది ఆమె. తరువాతి ఫోనులో కీచు లేదు. అతడు తోటి ఇంజనీరు భుజం తట్టి, ఇంత దూరం నుంచి రోగం పట్టానని భోజనాల వేళ దాకా చెప్పుకున్నాడు.

సెలవు రానే వచ్చింది. వీధి మలుపు తిరగగానే గాలి గట్టిగా పీల్చాడు. కంపు లేదు. మలుపులో లేతు షాపాయన కనిపిస్తే ఆగి మరీ చెప్పాడు. "చూశావా, నెలల తరబడి నిలవున్నా చుక్క వాసన లేదు. అంతా గాలి బుడగల మహిమ!"

లేతు షాపాయనకు ఎందుకో దగ్గొచ్చింది. "అవునన్నయ్యా, మహిమే" అని షాపులోకి పోయాడు.

ఇంట్లో ఇస్త్రీ ఆవిరి వాసన తప్ప ఇంకేమీ లేదు. బూట్లు కూడా విప్పకుండా వెనకగదికి పోయిన మేస్త్రి గుమ్మంలోనే నిలబడిపోయాడు. మిషను గౌను తొడుక్కుని ఉంది. పెళ్లి బట్టల్లో మిగిలిన పట్టు ముక్కలు, లుంగీ అంచులు, కర్టెను గుడ్డలు కలిపి కుట్టిన తొడుగు. మీట దగ్గర చొక్కా చెయ్యి, చక్రం దగ్గర జేబు, నడుము దగ్గర కుచ్చులు. కొలతలు తీసుకోకుండా అలా అమరదు. తొడుగు ఎత్తి చూశాడు. ఇనుము మీద పల్చగా నూనె రాసి ఉంది. తొట్టిలోకి వంగాడు. తొట్టి పొడిగా, తుడిచిన పళ్లెంలా ఉంది.

"మీరు వెళ్లిన వారంలోనే మీ టైమరు పంపును తిప్పింది" అంది భార్య వెనకనుంచి. "గొట్టం ఊడి గోడకంతా అభిషేకం. కొంచెంలో తప్పింది కానీ, నా గుడ్డల మూట తడిసేదే. లేతు షాపు తమ్ముణ్ణి పిలిచి తోడించేశాను. కాలువలో పొయ్యలేదు లెండి, వాళ్ల వాడేసిన నూనె పీపాలో పోయించాను. నేను అక్క ఇంటికి వెళ్లేటప్పుడు నా మిషను తుడిచి, నూనె రాసి, ముసుగేసి వెళ్తానా? దీనికీ అదే చేశాను."

"మరి ఫోనులో పంపు?"

"అది నా కుట్టుమిషను."

వీధి మొత్తానికి తెలిసిన సంగతి తనకొక్కడికే తెలియదన్నమాట. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. "ఇన్నాళ్లూ నా చెవిలో పువ్వులు పెట్టావా?"

"చెప్తే మీకక్కడ నిద్ర పట్టేదా? బేరింగు సంగతి మాత్రం నిజమే చెప్పారు. నూనె వేశాక వెన్నలా తిరుగుతోంది."

నవ్వాలో కోప్పడాలో తెలియక అతడు పొడి తొట్టి అంచు మీద కూర్చున్నాడు. ఖాళీ తొట్టిలోకి చూస్తూ అన్నాడు. "ఖర్చని కాదే నేను పారబొయ్యనంది. తొట్టి ఎండగట్టి, ముసుగేసి పోతే, ఇంట్లో నేను లేనట్టే ఉంటుంది. నీళ్లుంటే, ఏదో మధ్యాహ్నం లేచి వెళ్లాను, సాయంత్రం వచ్చి మీట నొక్కుతాను అన్నట్టుంటుంది." ఆ మాట చెప్పడానికి అతడికి సిగ్గేసింది.

ఆమె కూడా తొట్టి అంచు మీద కూర్చుంది. "మీరు లేరండీ. నీళ్లున్నా లేరు, లేకపోయినా లేరు. అది నాకు తెల్లనీళ్లు చెప్పాలా?" అంది. తొడుగు అంచు సర్ది, "ముసుగేసేది మనిషి రాడని కాదు. వచ్చేదాకా పాడవకుండా ఉండాలని. నేనుండట్లేదూ?" అంది.

అతడు తల తిప్పాడు. మూలన తెల్లనీళ్లలో కలిపే కొత్త నూనె డబ్బా సీలు విప్పకుండా కూర్చుని ఉంది. అతడొచ్చే రోజుకని ఆమె తెచ్చిపెట్టింది.

మర్నాడు ఇద్దరూ కలిసి తెల్లనీళ్లు కలిపారు. ఆమె నీళ్ల మీద నూనె సన్నగా పోస్తుంటే అతడు కలియబెట్టాడు. ముందు నీళ్లు, తరువాతే నూనె అని పదిసార్లు చెప్పాడు, ఆమె పదిసార్లూ ఊఁ కొట్టింది. కొత్త నీళ్ల కింద మొట్టమొదట చెక్కింది కుట్టుమిషను మోటారు రేకు. డిజైను ఆలోచించడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. నవారు విప్పి రేకు బిగించాక భార్య దాన్ని వేలితో తడిమి, "మూడు సెలవులు ఆలోచించింది ఇదేనా?" అంది.

ఈసారి ఓడ ఎక్కే ముందు తొట్టి అతడే తోడాడు. తుడిచాడు, నూనె రాశాడు. గౌను తొడిగి, కుచ్చులు సర్దుతుంటే ఆమె గుమ్మంలో నిలబడి నవ్వింది.

నడిసముద్రంలో సిగ్నలు దొరికింది. ఆమె ఫోను ఎత్తింది. అలవాటు కొద్దీ, "ఎలా..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. అడగడానికి నీళ్లు లేవు.

"మిషను చప్పుడు వినిపించు" అన్నాడు.

"ఏ మిషను?"

"నీదే."

గుర్రుమని వినిపించింది. రేకు గట్టిగా పట్టింది, అదురు లేదు, కీచు లేదు. అతడు చెవి తియ్యలేదు.

"నువ్వెలా ఉన్నావు?" అని అడిగాడు.

మోటారు ఆగింది. "అంత చెవి ఉంది కదా" అంది ఆమె. "విని మీరే చెప్పండి."