తడిసిన డిస్కులు

ఆ ఏడు రాయపూర్‌లో వానలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక మరి వదల్లేదు. భన్‌పురిలోని ఆ షెడ్డు రేకుల మీద పొద్దస్తమానం ఒకటే మోత. పైన వాన మోత, కింద గ్రైండర్ల మోత. రెండిటి మధ్యా ఎనిమిది గంటలు గడిపి ఇంటికెళ్లేసరికి గంగాభవానికి ఎవరు పలకరించినా విసుగ్గానే ఉండేది. నలభై రెండేళ్లకే మోకాళ్లు అరిగిపోయిన మనిషిలా నడిచేది.

ఆమె తండ్రి రైల్వేలో గాంగుమేను. శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల వెంటే వచ్చి ఇక్కడ స్థిరపడ్డ వాళ్లలో ఒకడు. ఆమె రైల్వే బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. హిందీ అక్షరాలూ అంకెలూ బాగా వచ్చు. అవే ఆమెను షెడ్డులో చీపురు పని నుంచి సామాను గదిలోకి తెచ్చాయి.

ఆ షెడ్డులో బియ్యం మిల్లులకి ఇనుప తొట్లు, గొట్టాలు తయారు చేసేవారు. ఆమె భర్త సూరిబాబు అక్కడే గ్రైండరు పట్టేవాడు. మూడేళ్ల కిందట ఒక తొట్టి మూలలో అతుకు నున్న చేస్తుండగా డిస్కు, అంటే ఇనుము అరగదీసే రాతి బిళ్ల, పగిలింది. ముక్క వచ్చి ఎడమ కంట్లో దిగింది. మూలకి అడ్డొస్తోందని ఆ రోజు మిషను గార్డు, డిస్కు మీది అడ్డు రేకు, ఊడదీసి ఉంది. కళ్లకుండాల్సిన చష్మా నుదుటి మీదుంది. కన్ను పోయింది.

ఆసుపత్రి మంచం మీద ఉన్నన్నాళ్లూ సూరిబాబు వేరే మాట ఎత్తలేదు. గార్డు ఎందుకుంటుందో, అది డిస్కుకీ మనిషికీ మధ్యకి ఎలా తిప్పి పెట్టుకోవాలో, డిస్కు మార్చేముందు ప్లగ్గు ఎందుకు పీకాలో, కొత్త డిస్కు వేశాక పక్కకి నిలబడి ఒక నిమిషం ఊరికే ఎందుకు తిప్పి చూడాలో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆమె వినేది. ఇంటికొచ్చాక ఒకరోజు చెప్పడం మానేశాడు. మళ్లీ షెడ్డు పేరెత్తలేదు. గుఢియారీలో ఒక పిండి మిల్లులో గోధుమలు తూచే పనిలో కుదురుకున్నాడు.

అతను మానేసిన చోట ఆమె మొదలెట్టింది. పొద్దున్నే మిషన్లు ఇచ్చేది ఆమే. తీగ ఎక్కడైనా చీలిందేమో వేలితో తడిమి చూసేది. పక్క పిడీ గార్డూ కదిపి చూసేది. మనిషిని కూడా అలాగే చూసేది. కళ్లకి చష్మా, చెవుల్లో దూది, ఒంటికి తోలు ఏప్రను. మెడలో గమ్ఛా తువ్వాలు ఉంటే తీసి ఆమె బల్ల మీద పెట్టి వెళ్లాల్సిందే. దాని కొస డిస్కుకి చుట్టుకుంటే తలే వెళ్తుంది.

"భౌజీ, ఈ ఉక్కలో చష్మా లోపల చెమట కారుతోంది, ఏమీ కనబడట్లేదు," అనేవాడు బిసాహు. వాడు ఛత్తీస్‌గఢీ మనిషి, ఆమెని వదిన వరసలో భౌజీ అనేవాడు, చేతిలో మంచి పనున్నవాడు.

"తుడుచుకో. తుడిచి మళ్లీ పెట్టుకో."

ఈ మాట రోజుకి ఎన్నిసార్లు అనేదో ఆమెకే తెలీదు. అందరూ ఆమె ముందు పెట్టుకునేవారు, ఆమె వెనుదిరగ్గానే నుదుటి మీదికి తోసేవారు. మళ్లీ లేచి వెళ్లేది. తిట్టే ఓపిక లేక భుజం మీద తట్టి తన కళ్ల వైపు వేలు చూపించేది.

ఆదివారం సెలవు పోయి సోమవారం ఆమె సామాను గది తలుపు తీసేసరికి నేలంతా నీళ్లు. రేకు ఎక్కడో చిల్లు పడింది. సరిగ్గా దాని కిందే కొత్త డిస్కుల పెట్టె. పట్టుకుంటే అట్ట చేతిలోకి ముద్దలా ఊడొచ్చింది. రెండు డజన్ల డిస్కులు రాత్రంతా నీళ్లలో నానాయి.

మేస్త్రీ మల్లేశ్వరరావు వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. అతను గంగాభవానికి పిన్ని కొడుకు. సూరిబాబుని ఈ పనిలో పెట్టించింది కూడా అతనే.

"తిల్దా ఊరి మిల్లు మాల్ రేపే బండెక్కాలే. ఊళ్లో దుకాణంలో డిస్కుల్లేవట, వానకి లారీ రాలేదు. ఈటిని హీటరు కాడ పెట్టు, గంటలో ఆరిపోతాయి."

"పైన ఆరతాయన్నయ్యా. లోన బంక పట్టు ఇడిసేస్తది. తిరిగేటప్పుడు పగిల్తే?"

"పగల్దు. నాను సూసుకుంటాను."

"నానివ్వను."

"ఏటి, నువ్వు ఇంజినీరువా?"

"కాదు."

అరగంటలో షెడ్డు యజమాని సేఠ్ గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. చెడ్డవాడేం కాదు. సూరిబాబుకి దెబ్బ తగిలినప్పుడు తన జీపులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఒక్కరోజు పని, మొండికెయ్యకు అని హిందీలో మెల్లిగానే చెప్పాడు. ఆమె నడుముకున్న తాళం చెవి తీసి బల్ల మీద పెట్టింది.

"డిస్కులు బల్ల కిందున్నాయి సేఠ్‌జీ. మీరే ఇవ్వండి. నా చేత్తో ఇవ్వలేను."

అది ధైర్యం కాదు. ఆమె వాదించలేకపోయింది, అంతే. ఇంకో మాట అనడం కంటే ఇంటికెళ్లి పడుకోవడం తేలికనిపించింది. సేఠ్ ముఖం ఎర్రబడింది. "అయితే ఇంట్లోనే ఉండు," అన్నాడు. తడుస్తూ నడిచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పూట ఇంట్లో పడుకోవడం ఆమెకి కొత్త. నిద్ర రాలేదు. చెవుల్లో గ్రైండరు మోత ఆగలేదు. బిసాహు చేతిలో ఆ తడి డిస్కు తిరుగుతున్నట్టే ఉంది. నేను లేచి వచ్చేస్తే మాత్రం వాళ్లు తిప్పరా? తాళం చెవి ఇచ్చేసి ఏం సాధించాను? సాయంత్రం భర్త వస్తే జరిగింది చెప్పింది. అతను వింటూ చెప్పులు విడిచి, "అన్నం ఎట్టు," అన్నాడు.

మర్నాడు గుఢియారీలో కరెంటు లేక పిండి మిల్లు తీయలేదు. మధ్యాహ్నం సూరిబాబు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి నార తీస్తుంటే మల్లేశ్వరరావు వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. లోపలికి రమ్మంటే రాలేదు, గడప ఇవతలే కూలబడ్డాడు.

గంగాభవాని గుమ్మం దాకా వచ్చింది. "ఎవరికైంది?"

"ఎవులికీ ఏటీ అవనేదు." మొహం తుడుచుకున్నాడు. "డిస్కు నానే ఎక్కించాను. బిసాహుని పక్కకి పొమ్మన్నాను. గార్డెట్టాను, చష్మా ఎట్టాను. స్విచ్చి మీద ఏలెట్టాను. నొక్కలేకపోయాను. నిన్న ఒకసారి, ఇయ్యాల పొద్దున ఒకసారి. సెయ్యి రానేదు బవానీ."

వాన కొంచెం తగ్గింది. పక్కింటి రేడియోలో ఎవరో ధాన్యం ధరలు చదువుతున్నారు.

"బావా," అన్నాడతను సూరిబాబు వైపు చూడకుండా. "ఆ రోజు గార్డు తీసెయ్యమన్నది నానే. మూల అందట్లేదు, తీసి గ్రైండరు కొట్టీ అన్నాను. సేఠ్ అడిగితే నాకు తెల్దన్నాను. మూడేళ్లయింది."

గంగాభవాని భర్త ముఖంలోకి చూసింది. ఆమెకి ఈ సంగతి తెలీదు. ఇప్పుడు ఇతను లేస్తాడు, చెయ్యెత్తుతాడు అనుకుంది. ఎత్తినా ఆపకూడదనుకుంది.

సూరిబాబు చిక్కుడుకాయ విరిచి గిన్నెలో వేశాడు.

"నాకు తెల్దేటి? నువ్వన్నావు, నాను ఇన్నాను. నా సేత్తోనే ఊడదీసినాను. చష్మా కూడా నానే పైకి తోసినాను. ఆ రోజు పొద్దున్నించీ పనే, అది రెండో షిఫ్టు, కళ్లు మండిపోతన్నాయి. ఏదైతే అదవనీ అనిపించింది." ఇంకో కాయ తీసుకున్నాడు. "సేఠ్ ముందర తెల్దన్నావు సూడు, అది మాత్రం బాధేసింది."

మల్లేశ్వరరావు తల వంచుకుని ఏడ్చాడు. సూరిబాబు ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. ఆమెకి ఇద్దరి మీదా కోపం వచ్చింది. మూడేళ్లు ఒకరి ఇంట్లో ఒకరు భోజనం చేస్తూ ఈ మాట దాచుకున్నారు. ఆ కోపం కూడా ఎంతోసేపు నిలవలేదు. లేచి వెళ్లి టీ పెట్టింది.

టీ తాగాక మల్లేశ్వరరావు షెడ్డుకి తిరిగెళ్లి సేఠ్‌కి రెండు మాటలూ చెప్పాడు. ఈ డిస్కులు తిప్పనన్నాడు. మూడేళ్ల కిందట అబద్ధమాడాననీ చెప్పాడు. సేఠ్ ఏమన్నాడో ఆమెకి తెలీదు. బుధవారం పొద్దున బిసాహు వచ్చి, "భౌజీ, రండి, పిలుస్తున్నారు," అన్నాడు. తాళం చెవి ఆమె వదిలిన చోటే ఉంది. డిస్కుల్ని చెత్తలో వేస్తే ఎవరైనా ఏరి వాడతారని, ఆమె చూస్తుండగానే బిసాహు ఒక్కొక్కదాన్నీ సుత్తితో ముక్కలు చేశాడు. కొన్ని గట్టిగానే ఉన్నాయి. రెండు మాత్రం బిస్కెట్టులా విరిగాయి. వాడు ఆ ముక్కలు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. తిల్దా మాల్ మూడు రోజులు ఆలస్యంగా వెళ్లింది. మిల్లు యజమాని తిట్టాడు. అంతటితో అయిపోయింది.

ఆ తర్వాత అందరూ మారిపోయారని చెప్పలేం. నెల రోజులు బుద్ధిగా ఉన్నారు, తర్వాత చష్మాలు మెల్లిగా మళ్లీ నుదుటి మీదికి ఎక్కాయి. కానీ గార్డు లేని మిషను మాత్రం మల్లేశ్వరరావు మళ్లీ ముట్టనివ్వలేదు. ఆ విషయంలో ఆమె ఒక్కతే అరవాల్సిన పని తప్పింది. అదే ఆమెకి పెద్ద విశ్రాంతి. సూరిబాబు షెడ్డు వైపు రాలేదు. మల్లేశ్వరరావు ఇంటికొస్తే మునుపటిలాగే అన్నం పెట్టమనేవాడు, మునుపటిలాగే మాట తక్కువ.

కొన్నేళ్లు గడిచి రెండువేల సంవత్సరం నాటికి గంగాభవానికి ఎడమ చెవి సరిగ్గా వినబడటం మానేసింది. అందరి చెవుల్లో దూది పెట్టించిన మనిషి తన చెవుల సంగతి మరిచిపోయింది. మల్లేశ్వరరావు పని మాని భిలాయిలో కూతురింటికి వెళ్లిపోయాడు. బిసాహు మేస్త్రీ అయ్యాడు. కొత్తగా చేరినవాళ్లకి ఆమె ఎవరో, ఎందుకింత చాదస్తమో తెలీదు. ఒక మధ్యాహ్నం ఆమె టీ గ్లాసు నోటి దాకా ఎత్తేసరికి, షెడ్డు ఆ చివర ఒకతను చష్మా లేకుండా గ్రైండరు అందుకోవడం కనిపించింది. చూడనట్టు కూర్చుందామా అనిపించింది. ఒక్క గుటక తాగింది. గ్లాసు కింద పెట్టి, మోకాలు పట్టుకుని మెల్లిగా లేచింది.