మైకమ్మగారి మౌనం

ఆ వీధిలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ వరకు అందరికీ ఆవిడ మైకమ్మగారే. మొదట్లో చాటున అనుకునేవాళ్ళు. ఆ సంగతి చెవిన పడిన రోజున ఆవిడ కోప్పడలేదు సరికదా, "మైకు పట్టుకుని బతికినదాన్ని, మైకమ్మ అనక ఇంకేమంటారు?" అని తనే ఇంటింటికీ చెప్పి వచ్చింది.

ఆవిడ బస్టాండులో అనౌన్సరు. పెళ్ళికి ముందు చేరిన ఉద్యోగం, కొడుక్కి పెళ్ళయ్యేదాకా చేసింది. టికెట్ల కౌంటర్ల మీద, ఇనప మెట్లెక్కి వెళ్ళే చిన్న అద్దాల గది ఆవిడది. ఒక బల్ల, ఒక కుర్చీ, బల్ల మీద మెడ వంచుకున్న మైకు, దాని పక్కన ఎర్ర దీపం. దీపం వెలిగాక మాట ఆగకూడదన్నది అక్కడి నియమం. మైకు ఉత్తినే గురగురమంటే ప్రయాణికులు ఏదో అయిందని కంగారు పడతారట. అందుకని చెప్పడానికి బస్సులు లేకపోతే సామాన్లు జాగ్రత్త అని చెప్పాలి. అదీ అయిపోతే మంచినీళ్ళ కుళాయి ఎటుందో చెప్పాలి. వానకు బస్సులన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయిన ఒక రోజున, తడిసిన గొడుగును ఎలా ఆరబెట్టుకోవాలో ఆవిడ వివరంగా చెప్పిందని తెలిసినవాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు.

పిల్లలు తప్పిపోయినప్పుడు మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. "ఎక్కడున్నావో అక్కడే కూర్చో నాన్నా, మీ అమ్మ వచ్చేదాకా నేను మాట్లాడుతూనే ఉంటా" అని మొదలుపెట్టి, తల్లి దొరికేదాకా ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడేదట. ఏడుపు మానేసి స్పీకరు వైపు నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్న పిల్లల్ని తల్లులు వెతుక్కోవడం తేలికయ్యేది.

తరవాత బస్టాండుకు రికార్డు చేసిన గొంతు వచ్చింది, ఆవిడ ఇంటికి వచ్చింది. ఇప్పటికీ అటుగా వెళితే కాసేపు ఆగి, "అంత నీరసంగా చెబితే బస్సు ఎవరెక్కుతారమ్మా?" అని ఆ స్పీకరును గదమాయించి గాని కదలదు.

ఇంట్లో ఆవిడ మాటలన్నీ మొదట చేరేది ఆవిడ భర్తకి. ఆయనది పుస్తకాలు బైండు చేసే పని. ముందుగదిలో ఒక మూల ఆయన బల్ల, జిగురు గిన్నె, పెద్ద సూది, చుట్టూ కాగితాల దొంతరలు. ఆ దొంతరల మధ్య రోజంతా కూర్చుని కుట్టుకుంటాడు. ఇంటికి రావలసిన మాటలన్నీ భార్యే వాడేస్తుంది కాబట్టి ఆయన వంతుకు తల ఊపడమే మిగిలింది. నిలువుగా ఊపితే అవును, అడ్డంగా ఊపితే కాదు, అసలు ఊపకపోతే వినలేదు.

అలాంటి ఇంటికి కోడలిగా వచ్చిన పిల్ల పుట్టు మౌని. మామగారు తల అయినా ఊపుతాడు, ఈ పిల్ల అదీ లేదని అత్తగారు మొదటి వారమే తేల్చేసింది. కోడలి డిగ్రీ తండ్రి జబ్బుతో సగంలో ఆగిపోయింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అత్తగారే మాటల్లో పెట్టి రాబట్టింది. రాబట్టి ఊరుకుందా? యూనివర్సిటీ గోడ మీద డిజిటల్ మీడియా ప్రొడక్షన్ కోర్సు పోస్టరు చూసి వచ్చి, సాయంత్రం క్లాసులట, కెమెరాలట, మైకులట అని ఏకరువు పెట్టింది.

"మైకు పనే కదే. మన ఇంటి పని. వెళ్ళు."

కోడలు వెళ్ళింది. మొదటి రోజు స్టూడియోలో గోడలకు అతికించిన మెత్తటి స్పాంజిని ఎవరూ చూడకుండా బొటనవేలితో నొక్కి, అది మెల్లగా పైకి లేవడం చూస్తూ నిలబడింది. అరిచినా మాట ఎదురు తిరిగి రాని గది ఒకటుంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. కెమెరా కంటే ఆమెకు శబ్దమే నచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఎవరూ మాట్లాడించరు, పైగా లోకమంతా వినిపిస్తుంది.

చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఒక మనిషి గురించి శబ్దంతోనే కథ చెప్పాలన్నారు. బొమ్మ ఉండకూడదు. కోడలు రెండో ఆలోచన లేకుండా అత్తగారిని ఎంచుకుంది. ముందుగదిలో, కిటికీ పక్క కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టి, మూడు కాళ్ళ స్టాండు మీద రికార్డరు పెట్టింది. ఆవిడ ఒక మధ్యాహ్నమంతా మాట్లాడింది. బస్టాండు, వాన, గొడుగు, తప్పిపోయిన పిల్లలు, మధ్యలో పక్కింటావిడ మోకాళ్ళ నొప్పులు. ఆ మోకాళ్ళు తీసేసి, చెప్పిందే చెప్పినవి తీసేసి, కోడలు కథను చక్కగా కుదించింది. కాలేజీలో సౌండ్ పాఠాలు చెప్పే మేడమ్‌కి వినిపించింది.

మేడమ్ కళ్ళు మూసుకుని విన్నది. రెండు చోట్ల నవ్వింది. అయిపోయాక హెడ్‌ఫోన్లు మెడకు దించుకుని, మీ అత్తగారు బంగారం, కానీ నువ్వు కోసిన చోటల్లా గది చచ్చిపోతోంది అన్నది. మాట తెగిన చోట ఫ్యాను చప్పుడూ, గది హోరూ కూడా తెగిపోయి, మెట్టు తప్పి కాలు గుంటలో పడ్డట్టు ఉందని చెప్పింది. మామూలుగా అయితే మాటకూ మాటకూ మధ్య ఉండే ఖాళీని తెచ్చి ఆ గుంటలు పూడుస్తారు. కోడలు ఆ పని చెయ్యబోయి వెతికింది. మధ్యాహ్నమంతా సాగిన ఆ రికార్డింగులో అత్తగారి మాటకూ మాటకూ నడుమ సూది దూరే సందు దొరకలేదు.

"మొదటి క్లాసులోనే చెప్పాను కదమ్మా," అన్నది మేడమ్. "ప్రతి గదికీ దాని ఊపిరి దానికి ఉంటుంది. అదే గది, అదే ఫ్యాను, అవే మనుషులు, ఎవరూ మాట్లాడకుండా ఒక్క నిమిషం. అది పట్టుకురా. సోమవారం లోపల తేలేకపోతే మాత్రం ఈ ఏడాది పాసు చెయ్యలేను."

ఆ పాఠం కోడలికి గుర్తు లేక కాదు. అత్తగారిని నోరు మూసుకోమని చెప్పే ధైర్యం లేకపోయింది, అంతే. ఇప్పుడేమో ఏడాది పోయేలా ఉంది. పైగా తన కోడలు ఈ వేసవికి పట్టభద్రురాలవుతుందని అత్తగారు వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా అనౌన్సు చేసేసింది. ఆవిడ చేసిన ప్రకటన ఇంతవరకూ తప్పయింది లేదు.

సంగతి విని కోడలి మొగుడు పడీ పడీ నవ్వాడు. "అమ్మను ఒక్క నిమిషం ఆపాలా? దానికంటే డిగ్రీ మానుకోవడం తేలిక" అన్నాడు. అత్తగారు మాత్రం ముక్కు మీద వేలేసుకుంది.

"నిమిషం మౌనమా? ఎవరు పోయారే?"

ఎవరూ పోలేదనీ, తన ఏడాది పోకుండా ఉండాలనే ఇదంతా అనీ కోడలు చెప్పింది. అంతే, ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇంతకాలం మాట్లాడినదానికి ఒక్క నిమిషం ఊరుకోవడం ఒక లెక్కా అన్నది. ఎలా ఊరుకోవాలో కాసేపు ధారాళంగా వివరించింది కూడా.

ఆదివారం మధ్యాహ్నం మొగుణ్ణి గేటు దగ్గర కాపలా పెట్టారు. మామగారు తన మూలలో, అత్తగారు కిటికీ పక్కన, కోడలు కింద చాప మీద. రికార్డరు మీద ఎర్ర దీపం వెలిగింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అన్నది అత్తగారు.

అని, తనే ఉలిక్కిపడి నోటి మీద చెయ్యి వేసుకుంది. తన తప్పు కాదట. ఎర్ర దీపం చూడగానే అదే వచ్చేసిందట. మామగారు లేచి, అట్టల అంచులకు అతికించే నల్ల గుడ్డ పట్టీలోంచి చిన్న ముక్క కత్తిరించి దీపం మీద అతికించాడు. 

మళ్ళీ మొదలుపెట్టారు. దీపం కనపడకపోయేసరికి అత్తగారికి వేరే ఇబ్బంది వచ్చింది. కాసేపు ఓపిక పట్టి, "మొదలైందా?" అని అడిగింది. మూడోసారి నోటితో పాటు ఊపిరి కూడా బిగపట్టింది. బుగ్గలు బూరెల్లా పొంగి, మొహం కందగడ్డయి, చివరికి పగిలిన ట్యూబులాగా ఒక్కసారిగా గాలి వదిలి దగ్గుతో మెలికలు తిరిగింది. ఆ తరవాత ఒక ఈగ వచ్చింది. మాట్లాడకుండా కూర్చున్న మనిషి మీద వాలడానికి దానికి సిగ్గు లేదా అని ఆవిడ ఈగను నిలదీసింది. ఇంకోసారి అంతా సవ్యంగా సాగుతూ ఉండగా, "చూశావా, ఎంత బాగా ఊరుకున్నానో!" అన్నది.

గేటు దగ్గర మొగుడు నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. కోడలికీ నవ్వు వచ్చింది. నవ్వుతూనే హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. చెయ్యి చాపి రికార్డరు ఆపేసింది. ఆపేశాననే అనుకుంది.

"పోనీలెండి అత్తయ్యా. వచ్చే ఏడాది ఇచ్చుకుంటాను."

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. ఆవిడ గొంతు ఎప్పుడూ అంత చిన్నగా పలకడం కోడలు వినలేదు.

"నోరొక్కటే నా ఆస్తి అనుకున్నానే ఇన్నాళ్ళూ. అదే నీ చదువుకి అడ్డం పడుతోంది చూడు."

మూలలో సూది ఆగింది. మామగారు కుడుతున్న పుస్తకం ఒడిలో పెట్టుకున్నాడు.

"నేనొకటి చెప్పనా?" అన్నాడు.

అత్తాకోడళ్ళు ఇద్దరూ తలలు తిప్పారు.

"మన పెళ్ళికి ముందు నేను రోజూ బస్టాండుకి వచ్చేవాణ్ణి. ఏ బస్సూ ఎక్కేవాణ్ణి కాదు. నువ్వు మాట్లాడుతుంటే వినేవాణ్ణి. నీ డ్యూటీ దిగే వేళకి ఇంటికి పోయేవాణ్ణి. నీ మొహం కూడా తెలీదు నాకు. ఆ అద్దాల మీద ఎప్పుడూ ఎండే పడేది. మీ అన్నయ్యని అడగడానికి వచ్చినప్పుడే నిన్ను చూడటం."

ఆయన ఒక ఏడాదిలో మాట్లాడే మాటలు అవి. అత్తగారు కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమండీ?"

"చెబుదామనే అనుకుంటున్నా. సందు దొరకలేదు."

ఆవిడ నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచి, మూసుకుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది. పైన ఫ్యాను తిరుగుతోంది. దాని గాలికి ఏదో కాగితం అంచు లేచి పడుతోంది. కిటికీ అవతల ఎండ ఉంది. అత్తగారి ఊపిరి వినపడుతోంది, మామూలు ఊపిరి, బిగపట్టనిది.

అప్పుడు కోడలి చూపు రికార్డరు మీద పడింది. నల్ల పట్టీ కింద దీపం కనపడటం లేదు గాని, తెర మీద అంకెలు కదులుతున్నాయి. ఆమె వేలు బటను మీద సరిగా పడనే లేదు. కూర్చున్నది కూర్చున్నట్టే బిగుసుకుపోయింది. కాలు తిమ్మిరెక్కింది, కదపలేదు. ఈగ వచ్చి తన ముక్కు మీద వాలింది, తోలలేదు. తను చూడటం మొదలుపెట్టాక అంకెలు నిమిషం దాటాయి. ఇంకా కొంత దూరం పోయాయి.

అత్తగారు గొంతు సవరించుకుంది.

"ఏ బెంచీ మీద కూర్చునేవారు?"

"కుళాయి పక్కది."

"ఆ కుళాయి సంగతి అన్నిసార్లు చెప్పానే, ఒక్కసారైనా నీళ్ళు తాగారా?"

మామగారు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఇక మొదలుపెట్టింది. ఎండలో అంతసేపు నీళ్ళు తాగకుండా కూర్చుంటే వడదెబ్బ తగలదా అని ఏనాటి ఎండకో ఇప్పుడు చీవాట్లు పెడుతూ ఉంటే, కోడలు రికార్డరును రెండు చేతులా పట్టుకుని, ఈసారి బటను చూసుకుని మరీ నొక్కింది. తరవాత జరిగింది చెప్పింది. మామగారి మాటలు కూడా పడ్డాయనీ, వద్దంటే చెరిపేస్తాననీ అన్నది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. భార్య వైపు చూశాడు.

"చెరిపావంటే ఊరుకోను," అన్నది అత్తగారు. "మళ్ళీ చెప్పాలంటే ఆయనకి ఇంకో జన్మ కావాలి."

గుంటలన్నీ పూడాయి. సోమవారం మేడమ్ కళ్ళు మూసుకుని మొదటి నుంచీ విన్నది, ఈసారి ఎక్కడా నుదురు చిట్లించలేదు. చివర్లో మామగారి మాటలు, ఆ వెనక వచ్చే నిశ్శబ్దం దాకా విని, కళ్ళు తెరవకుండానే ఇంకోసారి వెయ్యమన్నది.

నెల తిరక్కుండానే ఆ కోర్సు పిల్లల పనులన్నీ కాలేజీ స్టూడియోలో దీపాలు ఆర్పి అందరికీ వినిపించారు. అత్తగారు ముందు వరుసలో మేడమ్ పక్క కుర్చీ సంపాదించింది. తన కథ మొదలైన దగ్గర్నుంచి, స్పీకరులో తను చెప్పేదే మేడమ్ చెవిలో ఒక మాట ముందుగా చెబుతూ వచ్చింది. గొడుగు దగ్గర గదంతా నవ్వింది. తప్పిపోయిన పిల్లల దగ్గర సద్దుమణిగింది. మామగారి గొంతు వచ్చి, సందు దొరకలేదు అన్నప్పుడు చప్పట్లు కూడా పడ్డాయి. ఆ తరవాత ఫ్యాను చప్పుడు మిగిలింది. ఎక్కడో కాగితం అంచు లేచి పడింది. చీకట్లో ఎవరూ కదల్లేదు.

వెనక వరుసలో గోడ స్పాంజికి ఆనుకుని నిలబడ్డ కోడలికి ముందు వరుసలోంచి అత్తగారి గుసగుస స్పష్టంగా వినపడింది. ఆ స్టూడియోలో వినపడనివాళ్ళు ఎవరూ లేరు.

"విన్నారా మేడమ్? ఇది కూడా నేనే."

ఆ పక్క కుర్చీలో మామగారు తల నిలువుగా ఊపాడు.