బాపు తుపాకి మీద సంతకం: జనగామ నుంచి భూపాలపల్లి దాకా

నైట్ డ్యూటీ దిగి, నిద్రపోకుండానే జనగామ బస్టాండుకు నడిచాను. నేనిక్కడ ఒక దవాఖానలో నర్సును. పుట్టిల్లు భూపాలపల్లి అవతల, అడవి అంచు ఊరు. పంట కాపలాకని మా బాపుకు లైసెన్సు తుపాకి ఉండేది. అమ్మ ముందే పోయింది, బాపు పోయినేడు పోయాడు. తుపాకిని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకున్నాం. ఇప్పుడు తమ్ముడు రాజు దాన్ని తన పేరు మీదికి మార్చుకోవాలంటే, ఇంకో వారసురాలినైన నేను అభ్యంతరం లేదని రాసివ్వాలి. "ఒక్క సంతకమే గదక్కా, జర వచ్చిపో" అని పది రోజులుగా ఫోన్లు. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు ఇంకా ఉంటారని ఇది రాస్తున్నాను. రాజు భార్య, మా మరదలు సుజాతను అడిగాను, రాయమంది. పేర్లు మాత్రం మార్చాను.

ఆరున్నరకు హన్మకొండ బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. గంటన్నర ప్రయాణం. అక్కడ చాయ్ తాగి, పరకాల మీదుగా వెళ్లే భూపాలపల్లి బస్సెక్కితే ఇంకో రెండు గంటలు. కళ్లు మండుతున్నా నిద్ర పట్టలేదు. చివర్లో బొగ్గు లారీల వెనక నత్తనడక. ఊరికి షేర్ ఆటో నలభై రూపాయలు, నిండితేగాని కదలదు. అడవి పందులు ఇంకా చేలల్లోకి దిగుతున్నాయా అని డ్రైవర్‌ను అడిగాను.

"దిగుడేంది అక్కా, కాపురమే పెట్టినయ్. చేను సుట్టూ చీరలు కట్టినం, మైకులు పెట్టినం. తుపాకి సప్పుడుకు తప్ప దేనికీ బెదురయ్."

నాకు వేరేది గుర్తొచ్చింది. ఒకసారి మా దవాఖానలో ఒకతని తొడలోంచి కందిగింజలంత సీసపు గుండ్లు తీస్తుంటే ట్రే పట్టుకుని నిలబడ్డాను. పక్క చేను వాళ్లు పందనుకుని కాల్చారట.

ఇంటికి చేరేసరికి పన్నెండు దాటింది. రాజు కాగితాల కోసం మండలాఫీసుకు పోయాడు. సుజాత జొన్నరొట్టె, పప్పు పెట్టింది. తిన్నాక "చేను చూద్దువు రా వదినా" అని తీసుకెళ్లింది. మక్కచేను నడుమ చాపలు పరిచినట్టు నేలకొరిగి ఉంది. సగం కొరికిన కంకులు బురదలో. ఆమె ఒక కంకి తీసి, తుడిచి, మళ్లీ పడేసింది.

"రాజు తాగుడు మానిండా?" అన్నాను.

"లేదు." ఆ చేను వైపే చెయ్యి చూపింది. "రెండేండ్ల కింద నేను బ్యాటరీ లైటు పట్టుకొని ఈ చేన్ల తిరుగుతున్న. ఆయన తాగొచ్చి, మామ తుపాకి, తూటాలు తీసుకొని, లైటును పంది కండ్లనుకున్నడు. మామ ఉరికొచ్చి గొట్టం పైకి కొట్టిండు. మీదికి పేలింది. అప్పటి సంది తూటాలు మామ బియ్యం డబ్బల దాసిండు."

బాపు నాతో ఒక్క మాట అనలేదు. గట్టు మీద కూర్చున్నాను. "మరి నన్ను సంతకం పెట్టమంటవా?"

"నేను వద్దంటే నాతోని మాట్లాడడు. నువ్వు వద్దంటే నీతోని మాట్లాడడు. నేనీడనే బతకాలె, నువ్వు జనగామల ఉంటవ్ గద వదినా."

రెండింటికి రాజు వచ్చాడు. మంచం మీద కాగితం పరిచి పెన్ను ఇచ్చాడు.

"నేను సంతకం పెట్టను రా," అన్నాను. "తాగుడు బందు పెట్టు. ఏడాది చూద్దాం."

"బాపు వస్తువు స్టేషన్ల తుప్పు పట్టాలెనా? నువ్వు ఫ్యాన్ కింద పంటవ్. పందులు నీ ఇంటికొస్తయా?"

అది నిజమే. సుజాత పొయ్యి వైపు తిరిగి గిన్నె తోముతూనే ఉంది, మాకు మొహం చూపించలేదు. రాజు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అన్నం తినకుండా బండెక్కి పోయాడు. ఆటో దాకా సుజాతే వచ్చింది. తిరుగు బస్సులో మొద్దు నిద్ర, హన్మకొండలో కండక్టర్ లేపాడు.

ఇది జరిగి ఐదు నెలలు. రాజు ఫోన్ చేయలేదు. రాఖీ పోస్టులో పంపాను, కట్టుకున్నాడో లేదో. సుజాత మాత్రం అప్పుడప్పుడు చేస్తుంది. ఈసారి మక్క మానేసి పత్తి వేశారట. తుపాకి ఇంట్లో ఉండాలా వద్దా అని ఎవరైనా వాదిస్తుంటే ఇప్పుడు నాకు అలసటే వస్తుంది. బాపు దాన్ని పిల్లలకు అందకుండా, తూటాలు వేరుగా, లైసెన్సు గడువు దాటనివ్వకుండా ముప్పై ఏళ్లు ఉంచాడు. అంత జాగ్రత్త మనిషి ఇంట్లోనూ ఒక్క రాత్రి అది ఇంకో చేతిలోకి పోయింది. పాడైన మక్కచేనూ నిజమే, ఆ లైటూ నిజమే. రెండూ చూసి వచ్చాక వాదించే ఓపిక నాకు లేదు.

ఇలాంటి సంతకానికి వెళ్తుంటే ఒక్కటి చేయండి. రసీదు, ఆధార్, మరణ ధ్రువీకరణ పత్రం ఎలాగూ అడుగుతారు. అర్జీ పెట్టిన మనిషి ఇంట్లో లేని వేళ చూసుకుని ఓ గంట ముందుగా చేరుకుని, వాళ్ల ఇంటి ఆడమనిషితో కూర్చోండి. ఆమె మాట రాయడానికి ఆ కాగితంలో ఎక్కడా జాగా లేదు.